కంప్యూటర్‌కు మాట పడిపోయిన పూట

నేను బాన్సువాడలో ఒక సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. నాకు చూపు లేదు. నాలుగో తరగతి దాకా ఉండేది, ఆ తర్వాత రెండు కళ్లూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. మిగతా చదువంతా హైదరాబాద్‌లో చూపు లేని పిల్లల హాస్టల్లో ఉండి చదివాను. పాఠం చెప్పడానికి నోరు చాలు గానీ, పరీక్ష పేపరు తయారుచేయాలన్నా, వార్తలు చదువుకోవాలన్నా ఇంట్లో ఉన్న కంప్యూటరే నాకు దిక్కు. అందులో ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తెర మీద ఏముందో, నేను ఏ అక్షరం కొట్టానో అంతా గొంతుతో చదివి చెప్తుంది. దాని వేగం బాగా పెంచి పెట్టుకుంటాను. అలవాటు లేనివాళ్లకు పిట్టలు అరిచినట్టు ఉంటుందట. నాకు అది మామూలు మాటే.

అందుకే మా ఇంట్లో కంప్యూటర్‌కు శబ్దం పోవడం అంటే నడుస్తున్న పాట ఆగిపోవడం లాంటిది కాదు. కరెంటు ఉండీ, తెర వెలిగీ, లోపల అన్నీ బాగుండీ కూడా అది నాకు ఉత్త డబ్బా అయిపోతుంది.

ఇది మా అత్తమ్మ, అంటే నా భార్య తల్లి, మా ఇంట్లో ఉన్న రోజుల్లో జరిగింది. ఆమెది జుక్కల్ దిక్కు పల్లె. ఒక కంట్లో శుక్లం ముదిరితే నా భార్య ఆమెను తీసుకొచ్చి ఇక్కడే దవాఖానలో ఆపరేషన్ చేయించింది. చుక్కల మందు వేయడానికి మనిషి కావాలి కాబట్టి కొన్ని వారాలు మా దగ్గరే ఉంచుకుంది. కట్టు విప్పి నల్ల అద్దాలు ఇచ్చారు. నాకూ నల్ల అద్దాలే. బయట అరుగు మీద ఇద్దరం చెరో మూల కూర్చుంటే చూసినవాళ్లు ఏమనుకునేవాళ్లో అని నా భార్య నవ్వేది.

నిజానికి మేమిద్దరం ఒక్క చోట కూర్చున్న సందర్భాలు తక్కువ. అల్లుడికి ఎదురుపడి మాట్లాడటం వాళ్ల ఇంట్లో అలవాటు లేదు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె నాతో నేరుగా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అన్నం పెట్టాలన్నా "ఆయనను లెవ్వుమను" అని కూతురికి చెప్పేది. నేను గదిలోకి వస్తే కొంగు నెత్తి మీదికి లాక్కునేదట. ఒకసారి నా భార్య, "ఆయనకు కనబడదు గదనే అవ్వా, గా కొంగెందుకు?" అంది.

"నాకు కనబడ్తది గద" అంది అత్తమ్మ.

ఆపరేషన్ తర్వాత ఆమెకు ఇంట్లో ఉన్న దుమ్మంతా ఒక్కసారిగా కనబడటం మొదలైంది. కిటికీ ఊచలు, గోడ మీద ఫొటోలు, ఫ్యాను రెక్కలు. ఒంగి పనిచేయొద్దని డాక్టర్ చెప్పినా వినలేదు. పొద్దున లేచింది మొదలు చేతిలో గుడ్డే. నా భార్య బిచ్కుందలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది, పొద్దున బస్సుకే వెళ్లిపోతుంది. ఆమె ఉన్నంతసేపు ఊరుకుని, వెళ్లగానే అత్తమ్మ గుడ్డ తీసేది.

ఆ రోజు మా బడిని ఏదో ఉద్యోగ పరీక్షకు సెంటరుగా తీసుకోవడంతో మాకు సెలవు. ఆరో తరగతి సాంఘికశాస్త్రం పేపరు సాయంత్రంలోపు హెడ్మాస్టరుగారికి పంపాలి. మరుసటి రోజు పొద్దున ప్రింటు తీసుకుంటామన్నారు. చాయ్ తాగి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సగం ప్రశ్నలు కొట్టాను. ఒక ప్రశ్న వెనక్కి వెళ్లి వింటున్నాను. వాక్యం మధ్యలో, ఒక మాట సగం పలికి, గొంతు ఆగిపోయింది.

ముందు కరెంటు పోయిందనుకున్నాను. కానీ ఫ్యాను గాలి ముఖానికి తగులుతూనే ఉంది. సీపీయూ మీద చెయ్యి పెడితే సన్నగా వణుకుతోంది. బాణం మీటలు నొక్కాను, ఏమీ పలకలేదు. కొట్టింది పోకుండా సేవ్ చేసే మీటలు నొక్కాను. అది సేవ్ అయిందో లేదో చెప్పేదీ ఆ గొంతే కాబట్టి, అయిందనుకోవాలి అంతే.

ఇలాంటప్పుడు నేను దగ్గరి నుంచి దూరానికి వెళ్తాను. మొదట స్పీకర్. దాని బిరడా తిప్పి మొత్తం పెంచాను. చెవి ఆనిస్తే గుయ్యిమని సన్నని చప్పుడు ఉంది, అంటే దానికి కరెంటు అందుతోంది. తర్వాత వైరు. సీపీయూ వెనక్కి చెయ్యి పోనిచ్చి స్పీకర్ పిన్ను పీకాను, ఊది మళ్లీ గుచ్చాను. లాభం లేదు. నా ఫోను పాతది, దానికి ఇంకా ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంది. స్పీకర్ పిన్ను తీసి అందులో పెట్టి ఫోను తాకితే, తెర చదివే దాని గొంతు గదంతా మారుమోగింది. స్పీకర్ మంచిదే, వైరూ మంచిదే. తప్పు కంప్యూటర్‌లోనే ఉంది. పిన్ను మళ్లీ కంప్యూటర్‌కు పెట్టి, బటన్ నొక్కి ఆపి, మళ్లీ వేశాను. మామూలుగా అయితే లేవగానే ఒక చిన్న రాగం తీసి, ఆ తర్వాత పలకరిస్తుంది. ఈసారి రాగమూ లేదు, పలకరింపూ లేదు.

కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి ఫోన్ చేశాను. "ఇగ రెండు దినాలు ఆగాలె సార్, మస్తు బిజీ ఉన్న" అన్నాడు అతను. నా భార్యకు చేస్తే మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"ఏమైంది? ఈడ లైన్ల మంది ఉన్నరు."

"కంప్యూటర్ మాట్లాడుతలేదు."

"స్పీకర్ చూసినవా?"

"చూసిన. ఫోన్‌కు పెడ్తే పలుకుతుంది. కంప్యూటర్‌కు పెడ్తే లేదు. పేపర్ సాయంత్రం లోపల పంపాలె."

"అవ్వ ఉన్నది గద. అవ్వను జూడుమను. కొత్త కన్నాయె, మంచిగ కనబడ్తది."

"అవ్వ నాతోని మాట్లాడ్తదా?"

"నువ్వు పిలిస్తే గద మాట్లాడేది" అని పెట్టేసింది.

నేను కుర్చీలోంచే వంటింటి దిక్కు తిరిగి, "అత్తమ్మా" అని గట్టిగా పిలిచాను.

"ఆఁ" అని వినబడింది. వంటింట్లోంచి కాదు. నా వెనకే, బీరువా పక్క నుంచి.

ఉలిక్కిపడ్డాను. ఆమె ఎప్పటి నుంచి అక్కడ ఉందో నాకు తెలియదు. నేను స్పీకర్‌కు చెవి ఆనించడం, బల్ల కింద దూరడం, పిన్నులు పీకడం, దుకాణం అతన్ని బతిమాలడం, అంతా నిలబడి చూస్తూనే ఉంది.

"జర ఈ తెర మీద ఏమన్న కనబడుతుందేమో చూస్తరా?" అన్నాను.

ఆమె సన్నగా అంది. "నేనేం ఇరగ్గొట్టలే."

"ఏంది అత్తమ్మా?"

"నేను ఇరగ్గొట్టలే. గుడ్డతోని తుడ్సిన, గంతే. గప్పుడే దాని నోరు మూతవడ్డది. మీరేమో గిది గుంజుతుండ్రి, గది గుంజుతుండ్రి. ఎట్ల జెప్పాల్నో తెల్వక నిలవడ్డ."

ఆ మాటల్లో భయం ఉంది. అల్లుడి ఇంట్లో, అల్లుడికి కళ్లలాంటి వస్తువును పాడుచేశానని ఆమె అనుకుంటోంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మధ్యలో ఏదో జరిగింది, అదేమిటో చూసిన మనిషి ఉంది. అది చాలు.

"ఏం ఇరగలేదు. ఇరిగితే అసలు నడవకపోతుండె. యాడ తుడిచిండ్రో జర చెప్పండి."

ఆమె దగ్గరికి వచ్చి గోటితో తెర మీద టక్కుమని కొట్టింది. "గీ అద్దం తుడ్సిన. దీని కింద నడుమల ఒక బుడిపె ఉన్నది. గుడ్డ తాకి అది లోపలికి వోయింది. నల్లగున్న అద్దం తెల్లగయింది."

అది కొత్త మానిటర్. పాతది పాడైతే నా భార్య ముందురోజే తెచ్చి తనే బిగించింది. ఆదివారాలు ఆఫీసు పని చేసుకోవడానికి ఆమెకే అది కావాలి. నాకు తెరతో పని లేదు కాబట్టి నేను దాన్ని ఆపేసే ఉంచుతాను. పొద్దున నేను పని మొదలుపెట్టినప్పుడు అది నిద్రలోనే ఉంది. చెవులు రెండూ ఆ గొంతు మీదే పెట్టిన నాకు తెలియకుండా, అత్తమ్మ గుడ్డ తాకి మేల్కొంది. అది మేల్కొన్నప్పుడే నా గొంతు పోయింది. ఆ రెండింటికీ ఏదో చుట్టరికం ఉందని అర్థమైంది గానీ, ఏమిటో అంతు పట్టలేదు.

"ఆ బుడిపె మళ్లొకసారి ఒత్తండి" అన్నాను.

ఒత్తింది. "అయ్యో, ఆరిపోలే. ఏందో పెట్టె వచ్చింది. పెట్టెల బొమ్మలున్నయి."

"వద్దు, వద్దు. ఇంక ముట్టకండి. దానంతటదే పోతది." కాసేపటికి పోయింది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

శబ్దానికి సంబంధించిన గుర్తు తెర కింద కుడి మూలన ఉంటుందని నాకు తెలుసు. మామూలుగా అయితే కీబోర్డుతోనే అక్కడికి వెళ్తాను. వినబడితేనే ఎక్కడున్నానో తెలుస్తుంది, వినబడకపోతే చీకట్లో కొత్త ఊరు తిరిగినట్టే. రెండుసార్లు వెళ్లబోయి దారితప్పాను. "ఏవేవో తెర్సుకుంటున్నయి" అని అత్తమ్మ అంది. ఇక మిగిలింది మౌస్. నేను పుట్టి బుద్ధెరిగి మౌస్ వాడలేదు. తెరను చూడగలిగేవాళ్ల పనిముట్టు అది. నా భార్యది ఒకటి బల్ల సొరుగులో ఉంటే తడిమి తీసి, తగిలించి, అత్తమ్మ చేతికిచ్చాను. నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

"దీన్ని బల్ల మీద కదుపుతుంటే తెర మీద బాణం లెక్క ఒకటి కదులుతది. చూడండి."

"ఉన్నది, ఉన్నది. తెల్ల బాణం. అరె, ఉరుకుతుంది."

రొట్టెపిండి అదిమినట్టు అదుముతోందని చప్పుడును బట్టి తెలిసింది. మెల్లగా జరపమన్నాను. కింది కుడి మూలకు తీసుకుపొమ్మన్నాను. బరబరమని జరిపిన చప్పుడు. తర్వాత చప్పుడు ఆగింది.

"ఏమైంది?"

"బల్ల ఒడిసింది."

"బాణం యాడ ఉన్నది?"

"అది ఇంకా నడుమల్నే ఉన్నది. నా చెయ్యే బల్ల అంచుకొచ్చింది."

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. మౌస్‌ను పైకెత్తి మళ్లీ వెనక్కి పెట్టి జరపొచ్చని నా భార్య ఎప్పుడో ఎవరికో చెప్తుంటే విన్నాను. అదే చెప్పాను. ఎత్తింది, పెట్టింది, జరిపింది. మళ్లీ ఎత్తింది. నాట్లేసేవాళ్లు అడుగు వెనక అడుగు జరిగినట్టు, బాణాన్ని మూలకు చేర్చింది.

"ఇప్పుడు ఆడ ఏమేం ఉన్నయి?"

"టైమున్నది. దాని పక్కన ఏందో రాతున్నది. ఇవతల చిన్న మైకు లెక్క ఉన్నది, జాతరల కడ్తరు గదా, గసొంటిది. దాని ముంగట గీతలు."

"అదే. దాని మీద బాణం పెట్టి, మౌస్ ఎడమ చెవి ఒక్కసారి నొక్కండి."

"చెవి యాడిది దీనికి?" అని తడుముకుని, నొక్కింది. "నల్లటి పట్టీ వచ్చింది. పైన ఇంగ్లీషుల ఏదో రాసున్నది."

అక్కడ మాకు అక్షరాలు అడ్డం వచ్చాయి. అత్తమ్మకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా చదవలేదు. తల్లిగారి ఊరు సరిహద్దు అవతల కావడంతో చిన్నప్పుడు మరాఠీ బడిలో కొన్నాళ్లు కూర్చుంది, అంతే. నా ఫోనులో ఫొటో తీస్తే అందులోని రాతను చదివే ఏర్పాటు ఉంది. తెరకు ఎదురుగా ఫోను పట్టుకున్నాను. "జర పైకి, జర ఇటు" అని ఆమె చెప్తుంటే ఫొటో తీశాను. ఫోను ఏవేవో అంకెలు చదివి, మధ్యలో కొత్త మానిటర్ కంపెనీ పేరు చదివింది.

అప్పుడు తెలిసింది. కంప్యూటర్ మాట్లాడుతూనే ఉంది. కొత్త మానిటర్ వెలగగానే, ఇకపై మాట్లాడాల్సింది దీనితోనే అనుకుని, శబ్దాన్నంతా మానిటర్ వైరులో నుంచి దానికి పంపడం మొదలుపెట్టింది. ఆ మానిటర్‌కు స్పీకర్ లేదు. అది వింటోంది గానీ పలకలేదు.

"దొరికింది అత్తమ్మా. పేరు పక్కన చిన్న గుర్తు ఏమన్న ఉన్నదా?"

"గుడిసె కప్పు లెక్క ఉన్నది."

"అది నొక్కండి."

నొక్కింది. కింద మరో వరస వచ్చిందని, ఇప్పుడు రెండు పేర్లున్నాయని చెప్పింది. రెండిట్లో ఒకటి మానిటర్, రెండోది నా స్పీకర్. ఫోనుతో మళ్లీ ఫొటో తీస్తే రెండూ కలిపి గజిబిజిగా చదివింది. ఏది పైన ఉందో, ఏది కింద ఉందో తెలియలేదు. తప్పుది నొక్కితే ఆ పట్టీ మూసుకుపోతుంది, మళ్లీ మొదటి నుంచి బల్లంతా జరపాలి. చిన్నప్పుడు పలక మీద దిద్దిన ఏబీసీడీలు నాకు ఇంకా గుర్తున్నాయి, స్పీకర్ అన్న మాట ఎస్‌తో మొదలవుతుంది.

"రెండు పేర్లలో దేని మొదలుల పాము ఉన్నదో చూడండి. పాము మెలికలు తిరిగినట్టు, పైన ఒక వంకర, కింద ఒక వంకర."

ఆమె తెరకు బాగా దగ్గరగా వంగింది. ఆమె ఊపిరి చప్పుడు వినబడింది. "కింది దాంట్ల ఉన్నది" అంది. "పడగెత్తి కూసున్నది."

"గదే. నొక్కండి బాణంతోని."

"నొక్కాల్నా? నిజంగ?"

"నొక్కండి."

నొక్కింది. నేను వెతుకులాటలో స్పీకర్ బిరడాను మొత్తం పెంచి వదిలేశాను కదా, ఆ సంగతి మరిచిపోయాను. గొంతు ఒక్కసారిగా అరిచింది. కిటికీ అద్దాలు అదిరాయి. అత్తమ్మ మౌస్ వదిలేసి, "అమ్మో" అని నా భుజం పట్టుకుంది. నేను తడుముకుంటూ బిరడా తగ్గించాను. గొంతు నా మీటల వెంట గబగబా పలుకుతూ పోయింది. ఫైలు తెరిస్తే నా ప్రశ్నలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సేవ్ అయ్యాయి.

"వచ్చిందా?" అంది అత్తమ్మ.

"వచ్చింది."

"ఇంక పోదు గద?"

"పోదు."

అప్పుడు నా భుజం మీద చెయ్యి ఉందని గుర్తొచ్చిందేమో, తీసేసింది. కానీ వెళ్లిపోలేదు. గడప మీద కూర్చున్న చప్పుడైంది. నేను పేపరు పనిలో పడ్డాను. కొంతసేపటికి అడిగింది. "గది గంత జల్ది జల్ది ఏం జెప్తుంది? మీకు సమజైతదా?"

"అవుతది. తెలుగే అది."

"తెలుగా?" నమ్మలేదు.

వేగం బాగా తగ్గించి, మొదటి నుంచి వినిపించాను. ఆ గొంతుకు ఒత్తులు సరిగా పలకవు గానీ తెలుగని తెలుస్తుంది. 'నిజాంసాగర్ ప్రాజెక్టును ఏ నది మీద నిర్మించారు?' అని చదివింది.

"మంజీర" అంది అత్తమ్మ వెంటనే. "గిది గూడ అడుగుతరా పిల్లలను?"

రెండోది దిక్కుల గురించి. దానికీ జవాబు చెప్పింది. వరికి ఏ నేలలు అనుకూలం అన్న ప్రశ్నకు మాత్రం కోపమొచ్చింది. "నీళ్లుంటే ఏ భూమిలనైన వెడ్తరు. నీళ్లు లేకుంటే ఏ భూమైతే ఏంది?" పుస్తకంలో జవాబు వేరే ఉంది కాబట్టి ఆ ప్రశ్నను అట్లాగే ఉంచాను. దేశాలు, రాజధానులు వచ్చేసరికి ఊరుకుంది. పేపరు పూర్తయ్యేదాకా గడప మీదే ఉంది. చాయ్ పెట్టమంటారా అని నన్నే అడిగింది, ఎవరి ద్వారానో కాదు. హెడ్మాస్టరుగారికి పేపరు మధ్యాహ్నం దాటగానే వెళ్లిపోయింది.

సాయంత్రం నా భార్య వచ్చాక ఇద్దరం పోటీపడి చెప్పాం. పాము దగ్గర ఆమె బాగా నవ్వింది. అంతా విని, "గా మానిటర్ వెనక వైరు పీకితే అయిపోవు గద. శబ్దం దానంతటదే స్పీకర్‌కు వస్తుండె" అంది.

నిజమే. నాకు తట్టలేదు. ఆమె కూర్చుని, మానిటర్‌కు శబ్దం వెళ్లకుండా సెట్టింగుల్లో కట్టేసింది.

ఆ తర్వాత నేను బడి నుంచి వచ్చి వార్తలు వింటుంటే అత్తమ్మ అప్పుడప్పుడు వచ్చి కూర్చునేది. ఒకరోజు, "గిది మరాఠీ సదువుతదా?" అని అడిగింది. ఒక మరాఠీ పత్రిక తెరిచాను. నా దగ్గర హిందీ గొంతే ఉంది, లిపి ఒకటే కదా అని దానితోనే చదివించాను. అత్తమ్మ పడి పడి నవ్వింది. "గిది మరాఠీ గాదు. గిది తాగినోడి మాట" అంది. మరాఠీ గొంతు ఒకటి వెతికి దింపుకున్నాను. అది చెరకు గురించి ఒక వార్త చదివితే కదలకుండా వింది. మధ్యలో ఒకటి రెండు మాటలు తనూ మెల్లగా అనుకుంది. నాకు మరాఠీ రాదు, ఆమె ఏమందో తెలియలేదు.

"వాన గురించి ఏమన్న రాసిండ్రా జూడు" అంది. చూస్తరా అనలేదు, జూడు అంది.

వెతికాను. రెండు రోజులు మబ్బులే తప్ప వాన లేదని గొంతు చదివింది. అత్తమ్మ లేచి వాకిట్లోకి వెళ్లి, ఆకాశం చూసిందో ఏమో, తీగ మీది బట్టలన్నీ లోపలికి తెచ్చింది.